మరదలి శ్రీమంతం పొద్దున్నే పెట్టమన్నాను, ఎందుకంటే

నిన్న రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. మరదలికి ఏడో నెల శ్రీమంతం మే మూడో వారంలో పెట్టామని, ముహూర్తం పదకొండు నలభైకి కుదిరిందని, వైజాగ్ గోపాలపట్నంలో ఫంక్షన్ హాలు కూడా మాట్లాడేశామని సంబరంగా చెప్పుకుపోతుంటే నేను మధ్యలోనే "ఆ టైముకి వద్దురా" అనేశాను. వెనకాల నుంచి అమ్మ "అదేటే, శుభమా అని చెప్తుంటే నీ నోట్లోంచి వచ్చే మొదటి మాట వద్దనా?" అని కోప్పడింది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. గొంతు పట్టేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను, వాళ్ళూ చదువుతారు, కడుపుతో ఉన్న ఇంకో నలుగురికి కూడా పనికొస్తుంది.

నా శ్రీమంతం ఏప్రిల్ ఆఖర్లో జరిగింది. అప్పుడూ ఇలాంటి ముహూర్తమే. ఫొటోల్లో నేను నవ్వుతూనే ఉంటాను, కానీ ఆ రోజు గురించి నాకు గుర్తున్నది పట్టుచీర లోపల నడుం దగ్గర చెమట నిలిచిపోయి చీర ఒంటికి అతుక్కుపోవడం, మెడ నిండా పూలదండలు, రెండు చేతులా మోచేతుల దాకా గాజులు, ఒక్కొక్కరే వచ్చి బుగ్గలకి గంధం రాస్తుంటే ఆ గంధం నిమిషంలో కరిగి గడ్డం మీదికి కారిపోవడం. హాల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, వేడిగాలినే తిప్పుతున్నాయి. రెండున్నర గంటలు ఆ కుర్చీలోంచి లేవలేదు. మంచినీళ్ళు అడగాలంటే మొహమాటం, తాగితే మళ్ళీ బాత్రూమ్‌కి వెళ్ళాలి, ఆ చీరతో అదో తతంగం, అందుకని తాగడమే మానేశాను. సాయంత్రానికి పొట్ట రాయిలా బిగిసిపోయింది. మా అత్తయ్య దిష్టి తీసింది. పడుకుని రెండు చెంబుల నీళ్ళు తాగాక తగ్గింది.

ఆ తర్వాత నెలంతా అలాగే గడిచింది. మాది పెందుర్తిలో మూడో అంతస్తు, పైన ఇంకేమీ లేదు, శ్లాబే. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా చెయ్యెత్తి ముడితే చురుక్కుమనేది. గోడలు, మంచం, దిండు అన్నీ వెచ్చగానే ఉండేవి. ఏసీ ఉన్న గది అత్తయ్యావాళ్ళది, అడగడానికి మనసొప్పలేదు. పొద్దున్నే లేచి గాజువాక ఆఫీసుకి బస్సు, ఎన్ఏడీ కూడలి దగ్గర దిగి ఇంకో బస్సు. సాయంత్రం అదే దారి. రోహిణి కార్తె వచ్చేసరికి పొట్ట బిగుసుకోవడం రోజూ ఉండేది, నేను అది మామూలే అనుకునేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం నుంచి పాప కదలికలు తగ్గినట్టు అనిపించి ఆసుపత్రికి వెళ్తే, వాళ్ళు చీటీ రాసి రేకుల వరండాలో బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ వరండాలో ఒక్క ఫ్యాన్ లేదు. నా పక్కన ఇంకో పదిమంది గర్భిణులు, చీర కొంగులతో విసురుకుంటూ. స్కానింగ్‌లో ఉమ్మనీరు బాగా తగ్గిందన్నారు. ఆ రాత్రే నొప్పులు మొదలయ్యాయి. ముప్ఫై నాలుగు వారాల ఐదు రోజులకి పాప పుట్టింది, రెండు కిలోల వంద గ్రాములు. తొమ్మిది రోజులు పిల్లల ఐసీయూలో ఉంది. గాజు డబ్బాలో దాని కాలి వేలు నా చిటికెన వేలి గోరంత ఉండేది. ఇప్పుడు మూడేళ్ళు నిండబోతున్నాయి, బాగుంది, ఇల్లు పీకి పందిరేస్తోంది.

డిశ్చార్జి అయ్యే రోజు డాక్టరమ్మని అడిగాను, ఎండ వల్లే ఇలా జరిగిందా అని. ఆవిడ తొందరపడి ఏ మాటా అనలేదు. "నీ ఒక్కదాని విషయంలో ఇందువల్లే అని చెప్పలేనమ్మా, నెలలు నిండకుండా కాన్పు అవ్వడానికి చాలా కారణాలుంటాయి, ఇన్ఫెక్షన్, బీపీ, రక్తం తక్కువ, ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. కానీ ప్రతి వేసవిలో నాకు ఈ కేసులు ఎక్కువ కనిపిస్తాయి" అంది. ఆ ఆఖరి మాట నా మనసులో ఉండిపోయింది. బాలింతగా ఉన్నప్పుడు రాత్రిళ్ళు పాపకి పాలు పడుతూ ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు.

2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అప్పటిదాకా 27 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూశారు. అందులో నెలలు నిండని కాన్పుల గురించి చూసినవి 47 అయితే, వాటిలో 40 వేడి పెరిగినప్పుడు అలాంటి కాన్పులు పెరిగాయనే చెప్పాయి. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే ఆ ముప్పు సుమారు 5 శాతం, వడగాడ్పుల రోజుల్లో 16 శాతం ఎక్కువైంది. కడుపులోనే బిడ్డ చనిపోవడం కూడా డిగ్రీకి 5 శాతం దాకా పెరిగింది. పుట్టే బిడ్డ బరువు తగ్గడం గురించి కూడా చూశారు, అక్కడ తేడా కనిపించింది గానీ చిన్నది.

ఇది చదివి ఎవరూ హడలిపోకండి. నేనూ మొదట హడలిపోయి, తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. ప్రపంచం మొత్తం మీద వంద కాన్పుల్లో దాదాపు పది, 37 వారాలు నిండకముందే అవుతాయి. వడగాడ్పుల్లో ఆ పది కాస్తా పదకొండు దాటుతుంది, అంతే. అంటే ఎండలో ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా నెలలు నిండే కంటారు. కానీ మన జిల్లాలో ఏడాదికి ఎన్ని వేల కాన్పులు అవుతాయో ఆలోచిస్తే, వందకి ఒకటి పెరిగినా ఎన్ని గాజు డబ్బాలు, ఎంతమంది తల్లులు ఆ గది బయట నేల మీద పడుకోవాలో నాకు తెలుసు, ఆ నేల మీద నేనూ పడుకున్నాను.

అసలు వేడి బిడ్డ దాకా ఎలా చేరుతుందో తెలిశాక నాకు నా మీద నాకే జాలేసింది. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం మామూలు కంటే దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె ఆ బరువంతా లాగాలి. బిడ్డకి చెమట పట్టదు, విసనకర్ర లేదు, దాని ఒంట్లో పుట్టిన వేడి చాలావరకు మాయ (ప్లాసెంటా) ద్వారా తల్లి రక్తంలోకే రావాలి. అందుకే కడుపులో బిడ్డ ఎప్పుడూ తల్లికంటే సుమారు అర డిగ్రీ వెచ్చగా ఉంటుంది. తల్లి ఒళ్ళు కాగిపోతే ఆ వేడి బయటికి పోయే దారి ఇరుకైపోతుంది. ఇంకోపక్క తల్లి ఒళ్ళు తనని తాను చల్లబరుచుకోవడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్ళిస్తుంది, ఆ మేరకు గర్భసంచికి వెళ్ళేది తగ్గవచ్చు. నీళ్ళు తాగక ఒళ్ళు ఎండిపోతే ఉమ్మనీరు తగ్గవచ్చు, పొట్ట బిగుసుకోవడం ఎక్కువ కావచ్చు. నేను మొహమాటపడి తాగని నీళ్ళు నా ఒక్కదానివే కాదన్నమాట.

గాంబియా అని ఆఫ్రికాలో చిన్న దేశం. అక్కడ పొలం పనికి వెళ్ళే 92 మంది గర్భిణులని పని చేస్తుండగానే పరీక్షించారు, ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. వాళ్ళ మీద వేడి ఒత్తిడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ కడుపులో బిడ్డ ఇబ్బంది పడుతున్న గుర్తులు, అంటే గుండె మరీ వేగంగా కొట్టుకోవడం, బొడ్డుతాడులో రక్తం పారడం తగ్గడం లాంటివి, 17 శాతం పెరిగాయట. నెలల తర్వాత కాన్పులో తెలిసే సంగతి కాదిది, పొలంలో ఆ పూటే కనిపించింది.

ఇక మన వైజాగ్ సంగతి. మనవాళ్ళు అనే మాట ఒకటుంది, "మనకేటి, సముద్రం ఉంది కదా, విజయవాడలా నలభై ఐదు కొట్టదు" అని. మామూలుగా కొట్టదు, నిజమే. కానీ ఉక్క? ముప్ఫై నాలుగు డిగ్రీలే అయినా గాలిలో తేమ అంత ఉన్నప్పుడు చెమట ఆరదు, కారిపోతుంది. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, అది ఆరడం. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 దాటితే వడగాడ్పు లెక్కలోకి తీసుకుంటే, తీరప్రాంతాల్లో 37 నుంచే చూస్తుంది, అదీ మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలైనా పెరిగినప్పుడు. పైగా మన ఊరికి ఉష్ణోగ్రత లెక్కలు రెండు, సముద్రం పక్కనున్న వాల్తేరుది ఒకటి, విమానాశ్రయానిది ఒకటి. వేసవిలో రెండోది ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కొండ అవతలికి సముద్రపు గాలి అంత బాగా రాదు. పెందుర్తి ఇంకా లోపలికి. బీచ్ రోడ్డులో ఉన్నవాళ్ళు "ఈరోజు బానే ఉంది" అన్న రోజున గోపాలపట్నంలో ఊపిరాడదు. రాత్రి కూడా చల్లబడకపోతే ఒంటికి తేరుకునే వేళే ఉండదు. పేపర్లో పడే పగటి ఉష్ణోగ్రత కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ రాత్రులే.

నేనైతే ఆఫీసులో ఏసీలో కూర్చున్నదాన్ని. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపలు ఆరబెట్టే చోటికి ఒకసారి పిన్నితో వెళ్ళాను. పదకొండింటి ఎండ. ఇసక మీద పరిచిన చేపల్ని ఒకామె వంగి తిరగేస్తోంది, తల మీద తడిగుడ్డ, కింద చెప్పులున్నా పాదాలు మార్చి మార్చి పెడుతోంది. నిలబడినప్పుడు తెలిసింది, కడుపు, ఏడో నెలో ఎనిమిదో నెలో. "ఎండమ్మా, కాసేపు నీడకి రావొచ్చు కదా" అంది పిన్ని. ఆమె "నీడలో చేప ఎండదు కదప్పా" అంది. ఆ మాటకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేకపోయింది.

తర్వాత చెన్నై శ్రీరామచంద్ర సంస్థ వాళ్ళ పరిశోధన చదివినప్పుడు ఆమే కళ్ళ ముందు మెదిలింది. తమిళనాడులో ఇటుక బట్టీల్లో, ఉప్పు కయ్యల్లో, పొలాల్లో పనిచేసే 800 మంది గర్భిణులని గమనించారు, 2024లో అచ్చయింది. ఎక్కువ వేడిలో పనిచేసేవాళ్ళకి కడుపు పోయే ముప్పు మిగతావాళ్ళకంటే రెండింతలు ఉంది. తమిళనాడు ఎండకీ మన ఎండకీ పెద్ద తేడా ఏముంది? మన దగ్గర గర్భిణికి ఐరన్ మాత్రలు ఇస్తారు, అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ ఇస్తారు, ఆశా కార్యకర్త వచ్చి బీపీ, రక్తం అడుగుతుంది, ఇవన్నీ మంచివే. కానీ నీ ఇంటి పైకప్పు రేకులా, శ్లాబా, పగలు ఎక్కడ పనిచేస్తున్నావు, రాత్రి నిద్ర పడుతోందా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేది. అడగాలి.

ఎండ ఒక్కటే కాదు, తుపాను కూడా. హుద్‌హుద్ అప్పటికి మా అప్పకి, అంటే అక్కకి, ఏడో నెల. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తు. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పేలిపోతుంటే బావ అప్పని బాత్రూమ్‌లో కూర్చోబెట్టి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడట. మధ్యాహ్నం ఒక్కసారి గాలి ఆగిపోయి నిశ్శబ్దమైంది, అయిపోయిందనుకున్నారు, అది తుపాను కన్ను, కాసేపటికి రెండోవైపు నుంచి మళ్ళీ మొదలైంది. అసలు కష్టం ఆ తర్వాతి రోజులది. కరెంటు లేదు, మోటారు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. నాలుగు అంతస్తులకీ బకెట్లతో నీళ్ళు మోయాలి, పాలప్యాకెట్ దొరికితే గొప్ప. చెకప్ తేదీ దాటిపోయింది. అప్పకి మాత్రం డిసెంబరులో నెలలు నిండి రెండు కిలోల తొమ్మిది వందల పాప పుట్టింది, ఆ దేవుడి దయ. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఇలాంటివాటిలో అందరికీ ఒకేలా జరగదు, నాకు జరిగింది, అప్పకి జరగలేదు.

ఇలాంటి రోజులు పిల్లల మీద ఏం వదిలిపెడతాయో కెనడాలో చూశారు. క్యుబెక్‌లో 1998 జనవరిలో మంచు తుపాను వచ్చి 30 లక్షల మందికి పైగా కరెంటు పోయింది, కొన్నిచోట్ల నెల దాటినా రాలేదు. ఆ సమయంలో కడుపుతో ఉన్నవాళ్ళని, తర్వాత వాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. కరెంటు లేకుండా ఎన్ని రోజులు గడిపారు, ఇల్లు వదిలి వెళ్ళాల్సి వచ్చిందా, ఇలాంటివి లెక్కగట్టి చూస్తే, ఎక్కువ ఇబ్బంది పడ్డ తల్లుల పిల్లలు ఐదున్నరేళ్ళ వయసులో మాట, భాషకి సంబంధించిన పరీక్షల్లో కాస్త వెనకబడ్డారు. నాకు ఇందులో తోచిందేంటంటే, తల్లి ఎంత టెన్షన్ పడిందన్నదే కాదు, ఆమె ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉందన్నది కూడా లెక్కకి వచ్చింది. టెన్షన్ పడకమ్మా అని అందరూ చెప్తారు. తుపాను పోయాక గర్భిణి ఉన్న ఇంటికి ముందు ఒక నీళ్ళ ట్యాంకర్ పంపితే అది అంతకంటే పెద్ద సాయం.

పాడేరు కొండల వైపు అయితే వర్షం. గెడ్డ (వాగు) పొంగితే దారి ఉండదు, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకొస్తారు, ఆ వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. అదే వానల్లో మలేరియా. ఆ క్రిములు మాయలో చేరితే బిడ్డకి అందాల్సింది అందక బరువు తగ్గుతుంది. సాలూరులో కొండల మీది గర్భిణుల్ని నెలలు నిండకముందే తెచ్చి ఉంచడానికి వసతి గృహం పెట్టారు, అలాంటివి ఎన్ని ఉంటే అంత మంచిది.

ఇక మా మరదలికి నేను చెప్పేవి. రాత్రి మజ్జిగ తాగితే కడుపులో బిడ్డకి జలుబు చేస్తుందని మా అత్తయ్య అనేది, ఆవిడ ప్రేమగానే అనేది, కానీ అది నిజం కాదు, తాగు. తరవాణి, చోడి (రాగి) అంబలి, గంజి, తాటిముంజలు, మన పెద్దవాళ్ళు ఎండకి కనిపెట్టినవన్నీ మంచివే, బీపీ గానీ ఒళ్ళు వాపు గానీ ఉంటే మాత్రం ఉప్పు ఎంతో డాక్టరమ్మని అడిగి వేసుకో. దాహం వేసేదాకా ఆగకు, మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని లెక్క. ఒట్టి ఫ్యాన్ కింద కూర్చునే బదులు చేతులూ మెడా తడుపుకుని కూర్చో, లేకపోతే తడి తువ్వాలు మీద వేసుకో, అప్పుడు ఫ్యాన్ పనిచేస్తుంది. పొట్ట మాటిమాటికీ గట్టిపడుతున్నా, నీరు కారినట్టున్నా, బిడ్డ కదలిక తగ్గినట్టు తోచినా రేపటిదాకా ఆగొద్దు, నాలా మామూలే అనుకోవద్దు. ఏసీ గది అడగడానికి మొహమాటపడొద్దు. ఒరేయ్ తమ్ముడూ, తను అడిగేదాకా నువ్వు చూడొద్దు.

కిందటేడు మేము శ్లాబు మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించాం, దానికంటే ముందు రెండు వేసవులు మా ఆయన సున్నం కొట్టాడు. రాత్రి పదింటికి ఇప్పుడు పైకప్పు ముడితే చురుక్కుమనదు. తెలంగాణలో ఇలాంటి చల్లని పైకప్పుల కోసం 2023లో ప్రభుత్వమే ఒక విధానం తెచ్చింది. మన దగ్గర రేకుల ఇళ్ళలో ఉండే గర్భిణులకి ఇది ఎవరైనా చేసిపెడితే ఎంత బాగుంటుందో.

ఇంతవరకూ రాసి ఇందాక అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నిన్ను ఆ రోజు అంతసేపు కూర్చోబెట్టింది నేనే కదే" అంది. కాదమ్మా, ఎవరికీ తెలీదు అప్పుడు అన్నాను. పంతులుగారిని అడిగితే అదే వారంలో పొద్దున్న ఏడు పదికి ఇంకో ముహూర్తం ఉందన్నారట. హాలు అక్కర్లేదు, ఇంటి దగ్గరే వేపచెట్టు కింద పెడతామంది. పట్టుచీర అరగంట, తర్వాత మంగళగిరి నేతచీర. గంధం చల్లగా ఉండేలా ఫ్రిజ్‌లో పెట్టే బాధ్యత నాదట.